తీగ పోయింది, నాకా మిగిలింది

ఉస్మానియా యూనివర్సిటీ పక్కనున్న తార్నాకకు ఆ పేరెలా వచ్చిందో తెలుసా? తార్ అంటే తీగ. నాకా అంటే కాపలా చౌకీ. వెనకటికి ఇక్కడో తోట చుట్టూ ముళ్లతీగ కట్టి పహరా పెట్టారని, అదే తార్నాక అయిందని పెద్దలు చెబుతారు. ఇప్పుడు తోటా లేదు, తీగా లేదు. అంతా వైఫై. నాకా మాత్రం చెక్కుచెదరలేదు. యూజర్‌నేమ్ ఒక నాకా. ఓటీపీ ఇంకో నాకా. ఆ రెండూ దాటినోడికి హెచ్‌ఓడీ సంతకం అనే అసలు నాకా.

వీటన్నిటినీ దాటేద్దామని బయల్దేరాడు మా సారొకాయన. పార్ట్‌టైమ్ లెక్చరర్. గంటకింత అని లెక్క. ఏ కాలేజీ అని అడక్కండి. పేరు రాస్తే ఆయన బిల్లు ఇంకో ఆర్నెల్లు వెనక్కి పోతుంది. ఆయన చేసిన నేరమల్లా ఒక్కటే. పిల్లలు కలిసి రాయడం నేర్చుకోవాలనుకున్నాడు. ఒకే పేజీ మీద అరవై మంది. ఒకడు రాస్తే ఇంకొకడు దిద్దాలి. దిద్దింది తప్పని మూడోవాడు కొట్లాడాలి. చదువంటే అదే కదా?

కాదట. చదువంటే జియోట్యాగ్ ఫొటో అట.

న్యాక్ గుర్తింపు కోసం కాలేజీలు నింపే నివేదిక ఎప్పుడైనా చూశారా? ఐసీటీ సాధనాలు వాడే అధ్యాపకులు ఎందరని అడుగుతుంది. ఎంతమంది విద్యార్థులకు ఒక కంప్యూటరో అడుగుతుంది. అక్షాంశం, రేఖాంశం పడ్డ ఫొటోలు అడుగుతుంది. అడగడంలో తప్పేం లేదు. కళంతా మనవాళ్లు ఇవ్వడంలోనే ఉంది. ల్యాబు తలుపు తీస్తారు. బూజు దులుపుతారు. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి మౌసు మీద చెయ్యి వెయ్యమంటారు. ‘ఇటు చూడు నాయనా, కొంచెం నవ్వు.’ క్లిక్. మళ్లీ తాళం. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? సెలవు మీద ఊరెళ్లినాయన దగ్గర.

అయినా మా సారు వదల్లేదు. సొంత ఫోన్‌తో హాట్‌స్పాట్ పెట్టి, గూగుల్ డాక్యుమెంట్ ఒకటి తెరిచి, లింకు వాట్సాప్ గ్రూపులో పడేశాడు. సైన్‌ఇన్ అవకుండా లింకు నొక్కి వచ్చేవాళ్లకు గూగుల్ జంతువుల పేర్లు తగిలిస్తుంది. చూస్తుండగానే పేజీ మీదికి అనామక కాపిబారా ఒకటి, వాంబాట్ ఒకటి, ఆక్సొలాటల్ ఒకటి దిగాయి. ఆక్సొలాటల్ రెండో పేరా మొత్తం చెరిపేసింది. వాంబాట్ ‘ఆకలైతుంది సార్’ అని రాసింది. కాపిబారా ఒక్కటే బుద్ధిగా, తెలుగులో, నాలుగు వాక్యాలు రాసింది. మంచి వాక్యాలు. ‘ఎవరమ్మా కాపిబారా?’ అంటే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి చెయ్యెత్తింది. మూడు నెలలుగా క్లాసులో నోరు విప్పని పిల్ల.

అంతలో పేజీ బిగుసుకుపోయింది. ‘సార్, మీ డేటా అయిపోయినట్టుంది సార్.’ రోజుకు ఒకటిన్నర జీబీ. అరవై మంది. పావుగంట చదువు. హాజరు పట్టీలో కాపిబారాకు గడి లేదు కనక ఆ గంట లెక్కలోకి రాలేదు. బిల్లులోకీ రాలేదు.

సరే, పద్ధతిగా పోదామని అర్జీ పెట్టాడు. ఆన్‌లైన్ వైట్‌బోర్డు కావాలంటే అర్జీ ఎలా ఉండాలి? కాగితం మీద. మూడు కాపీలు. త్రూ ప్రాపర్ ఛానెల్. పాపం, గూగుల్ జామ్‌బోర్డ్ కావాలని రాశాడాయన. ఫైలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి జరిగేలోపు 2024 డిసెంబర్ 31న గూగుల్ దాని దుకాణమే ఎత్తేసింది. ఫైలు మాత్రం నిక్షేపంగా బతికే ఉంది. ‘పరిశీలనలో’ ఉంది.

కంపెనీలేమన్నా తక్కువ తిన్నాయా? 2009లో గూగుల్ వేవ్ అన్నారు, కలిసి పనిచేసే తీరే మారిపోతుందన్నారు. 2010 ఆగస్టు కల్లా చాలించుకున్నారు. బడిపిల్లల వికీలకు ఇల్లన్న వికీస్పేసెస్ 2018లో తాళం వేసింది. విద్యాసంస్థలకు ఎంతైనా దాచుకోండి, ఉచితమే అన్న గూగుల్, అందరూ అలవాటు పడ్డాక సంస్థ మొత్తానికి 100 టెరాబైట్లే అని గీత గీసింది. 2022 జూలై నుంచి అమలు. ఇల్లు ఊరికే ఇస్తామన్నప్పుడు కాగితాలు చూడలేదు. అటక నిండాక ఖాళీ చెయ్యమంటే ఎవర్ని తిడతాం?

సర్కారుదీ అదే వరుస. 2011 అక్టోబర్‌లో ఢిల్లీలో ఆకాశ్ ట్యాబ్లెట్ ఆవిష్కరించారు. తొలి విడత బిగించింది మన హైదరాబాద్‌లోనే, మురిసిపోయాం కూడా. వేలితో తాకితే ఉలకదు, గోరుతో నొక్కితే పలుకుతుంది. ఆ ఆకాశం ఇప్పుడెక్కడుంది? బీరువా అడుగు అరలో వెతకండి, పాత చార్టుల కింద. 2020 మార్చిలో కరోనా అని హాస్టళ్లు ఖాళీ చేయించి పిల్లల్ని ఊళ్లకు పంపితే వాళ్లు సిగ్నల్ కోసం మేడలెక్కారు, చెట్లెక్కారు. ఏడాది తిరిగేసరికి, 2021 మేలో, యూజీసీ ముసాయిదా దింపింది. ప్రతి కోర్సులో 40 శాతం దాకా ఆన్‌లైన్‌లో చెప్పొచ్చట. భేష్. మరి మిగతా 60 శాతం చెప్పేదెవరు?

ఇక్కడే గొంతులో ముద్ద అడ్డం పడుతుంది. ఉస్మానియాలో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి మించి ఖాళీ. రిటైరైనాయన కుర్చీలో దుమ్ము కూర్చుంది. నియామకాల కోసం 2022 సెప్టెంబర్‌లో శాసనసభ ఉమ్మడి బోర్డు బిల్లు పాస్ చేసింది. ఉమ్మడి! పేరులోనే కలిసి పనిచేయడం ఉంది చూశారా? అది రాజ్‌భవన్‌లో నెలల తరబడి కూర్చుంది. 2023లో రాష్ట్రపతి దగ్గరికి పోయింది. ఒకే డాక్యుమెంట్ మీద ఇంతమంది పెద్దలు ఇన్నాళ్లు కలిసి పనిచేసి ఒక్క లెక్చరర్‌ను కూడా పుట్టించకపోవడం మామూలు విద్య కాదు. మా సారు పిల్లలకు నేర్పబోయింది దీనికి సరిగ్గా తలకిందులు.

2024 ఏప్రిల్ చివర ఇంకో ఉమ్మడి రచన జరిగింది. నీళ్లు, కరెంటు కొరత ఉంది కనక వేసవికి హాస్టళ్లు మూస్తామని ఉస్మానియా చీఫ్ వార్డెన్ నోటీసు. కరెంటు కొరతే లేదని సర్కారు. ఒకరు రాశారు, ఇంకొకరు కొట్టేశారు. అచ్చం ఆక్సొలాటల్ పనే. చీకట్లో కూర్చున్న పిల్లాణ్ని మాత్రం ఎవరూ అడగలేదు, ఫోన్ ఛార్జింగ్ ఎంతుందని.

ఉస్మానియా 2025 మార్చి సర్క్యులర్ అయితే చదివి దాచుకోవాల్సింది. విభాగాల్లో, కాలేజీల్లో, పరిపాలన భవనంలో ధర్నాలు చేయరాదు, నినాదాలు ఇవ్వరాదన్నారు. తెలంగాణ ఉద్యమానికి గొంతిచ్చిన ప్రాంగణంలో! తెర మీద అరవై మంది కలిస్తే కొలాబరేషన్, ఫొటో తీస్తారు. వరండాలో ఆరుగురు కలిస్తే గుంపు, కేసు పెడతారు. పిల్లలు కలవాలా వద్దా, ముందు మీరొక మాట మీదికి రండి సార్లూ!

అసలు కలిసి పనిచేయడమంటే ఈ నేలకు కొత్తా? 1918లో ఉస్మానియా పెట్టినప్పుడు బోధన ఉర్దూలో అన్నారు. ఉర్దూలో భౌతికశాస్త్రం పుస్తకాలు ఎక్కడివి? అందుకని ముందే, 1917లోనే, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టారు. శాస్త్రం తెలిసినవాళ్లనూ భాష తెలిసినవాళ్లనూ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. ఒక్కో పదం మీద వాదులాడుకున్నారు. వందల పుస్తకాలు తెచ్చారు. వైఫై లేదు. జీతాలిచ్చి కూర్చోబెట్టిన మనుషులున్నారు. నిజాం పాలన మీద నాకేం మోజు లేదు గానీ, రాజుగారికి తట్టింది ప్రజాస్వామ్యానికి తట్టకపోతే ఎలా?

మొన్న సాయంత్రం మా సారుతో తార్నాకలో చాయ్ తాగుతున్నా. పక్క బల్ల దగ్గర నలుగురు పోటీ పరీక్షల పిల్లలు. ఒకటే ఫోన్, దాని తెర పగిలి ఉంది. ఒకడు ప్రశ్న చదువుతున్నాడు, ఇంకొకడు ఉస్మానియా బిస్కెట్ డబ్బా అట్ట మీద లెక్క చేస్తున్నాడు. జవాబు మీద కొట్లాట. చాయ్ కాకా కూడా ఓ ఆప్షన్ చెప్పాడు. తప్పు చెప్పాడు, అది వేరే సంగతి. మా సారు చాలాసేపు అటే చూశాడు. ‘ఈ క్లాసుకు లింకు ఎవరిచ్చారన్నా?’ అన్నాడు.

అందుకని పెద్దలకో విన్నపం. మా సారు అడిగిన వైట్‌బోర్డు వద్దు. ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రాంలో ఇచ్చే ఈ-సర్టిఫికెట్ కూడా మీ దగ్గరే ఉంచుకోండి. ఒక్క పట్టిక మాత్రం పెట్టండి. ఏ విభాగంలో ఎన్ని పోస్టులు, ఎన్ని ఖాళీలు, ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఏ తేదీ నుంచి ఉంది. లింకు బయటపెట్టండి. అందులో దిద్దే హక్కు మాకు అక్కర్లేదు, చూసే హక్కు ఇవ్వండి చాలు.