కొలను బాగుచేసిన చేతులకు

కొలను బాగుచేయించిన పెద్దలారా, మా కాలనీ పార్కులో మీ పని చూశాక పొగడకుండా ఉండటం నావల్ల కావడం లేదు. హైదరాబాదులో ఎన్నో కుంటలను పూడ్చి ప్లాట్లు చేసి అమ్ముకున్నారు. మీరు అలా చేయలేదు. కుంటను కుంటగానే ఉంచి, దాని ప్రాణం ఒక్కటే తీశారు. ఇది అందరికీ చేతనయ్యే విద్య కాదు.

ముందు అడుగు సంగతి. ఒండ్రుమట్టి అంతా పొక్లెయినుతో ఎత్తి పోసి, ప్లాస్టిక్ షీటు పరిచి, దానిమీద కాంక్రీటు వేశారు. ఎంత గట్టి పనంటే ఒక్క చుక్క కిందికి ఇంకదు. వేసవిలో పక్క వీధి బోర్లు ఎండిపోయినా మీ కొలను నిండుగానే ఉంటుంది, ట్యాంకరు వచ్చినంత కాలం. అంబర్‌పేట బతుకమ్మ కుంటను 2025లో తవ్వుతుంటే కొద్ది అడుగుల లోతులోనే నీళ్లు ఊరాయి. మా కుంటలో అలాంటి ఊట ఎన్నటికీ పైకి రాకుండా మీరు బందోబస్తు చేశారు.

ఇక గోడ. దాని గురించి ఎంత చెప్పినా తక్కువే. చుట్టూ నిలువుగా నున్నటి గ్రానైటు. రసమట్టం పెట్టి చూసినా వెంట్రుకవాసి తేడా దొరకదు. అంతకు ముందు అక్కడ ఏటవాలు మట్టి గట్టు ఉండేది, దానినిండా తుంగ. తూనీగ పిల్ల నీళ్లలోనే పెరుగుతుంది, దోమ పిల్లలను తింటూ. రెక్కలు వచ్చే వేళకు తుంగకాడ పట్టుకుని పైకి పాకి, వీపు చీల్చుకుని బయటపడుతుంది. ఖాళీ పొర కాడకే అంటుకుని ఉండిపోతుంది. చిన్నపిల్లలు వాటిని ఏరి చొక్కాలకు తగిలించుకునేవారు. మీరు తుంగను వేళ్లతో సహా పీకించారు. ఒక్క దుబ్బు కూడా మీ మనుషుల కన్నుగప్పలేకపోయింది.

మొన్నటి వానలకు ఆ గోడ దగ్గర వంగి చూశాను. తోక అప్పుడే కరిగిపోయిన కప్పపిల్ల, వేలిగోరంత, రాయిని పట్టుకుని రెండంగుళాలు ఎక్కింది. జారింది. పక్కకు ఈది మళ్లీ ఎక్కింది, మళ్లీ జారింది. దాని వెనక ఇంకో పది. మీ పాలిషులో ఎక్కడా ఒక్క గరుకు లేదు. తూనీగలు పోయి, కప్పలు పోయి, దోమలు మిగిలాయి. వెంటనే ఫాగింగు యంత్రం తెప్పించారు. పార్కులో ఆడుకునే పిల్లలు ఆ పొగలోనే పరుగెత్తుతున్నారు. కీడు పుట్టిన మరునాడే దానికి ఖర్చు మంజూరు చేయించిన మీ చురుకుదనం మెచ్చుకోదగ్గది.

నీళ్లమీదికి వంగిన నల్లతుమ్మ కొమ్మలకు గిజిగాళ్లు గూళ్లు కట్టేవి. ఆ చెట్టు చోట ఇప్పుడు ఎల్‌ఈడీ బల్బుల కొబ్బరిచెట్టు. అది ఆకులు రాల్చదు, రాత్రంతా నిద్రపోదు, పక్షులను నిద్రపోనివ్వదు.

అన్నిటికంటే మీ ధైర్యానికి దండం పెట్టాలి. కాకతీయుల కాలం నుంచీ మన చెరువులు గొలుసుకట్టు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. 2020 అక్టోబరు వానల్లో నగరంలో చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగినప్పుడు, నీటి దారి మూస్తే ఏమవుతుందో ఊరంతా కళ్లారా చూసింది. చూశాక కూడా కుంటలోకి వచ్చే కాలువను వాకింగ్ ట్రాకు కింద పూడ్చి, అలుగు నోటికి అడ్డంగా సెల్ఫీ పాయింటు కట్టడానికి మామూలు గుండె చాలదు.

ఇంత పనితనం ఉన్నవారు కనుకనే మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ గోడను ఒక వైపైనా పగలగొట్టించి మట్టి ఏటవాలు పోయించండి. తుంగ ఎవరూ నాటక్కర్లేదు, తడి నేల దొరికితే అదే వస్తుంది. అడుగు కాంక్రీటు తీయించండి. కాలువ తవ్వించి, అలుగు తెరిపించండి. ఆ గ్రానైటు అంత నున్నగా పేర్చిన మేస్త్రీనే పిలిపించండి, రాయి ఎక్కడ ఊడుతుందో అతనికి తెలుసు. తొలకరికి ముందే పిలిపించండి.