ఏ బంతిలో కూర్చున్నారు?

మా ఊళ్ళో ‘ఫలానావాడు ఐపీ పెట్టాడట’ అంటే చంటిపిల్లలకి కూడా అర్థమవుతుంది. తెల్లారేసరికి కొట్టుకి తాళం, ఫోన్ స్విచాఫ్, కొన్నాళ్ళకి కోర్టు నోటీసు. ఆ నోటీసులో వడ్డీ వ్యాపారి నుంచి పాలమనిషి దాకా అందరి పేర్లూ వరసగా అచ్చయి ఉంటాయి. ఒకసారి ఒక చీటీలాయన పుణ్యమా అని నా పేరూ అచ్చయింది. నాది నలభై రెండో నంబరు. నలభై మూడు మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయనది. ఇద్దరికీ ముట్టింది గుండుసున్నా. అయినా నాకు ఒక ఊరట దక్కింది. ఆస్తి పంచేటప్పుడు కనపడని సమానత్వం దివాలా పంచేటప్పుడు కనపడింది.

ఇంగ్లండ్ చట్టం కూడా పైకి ఇదే మాట చెబుతుంది. దివాలా తీసినవాడి ఇంట్లో తాకట్టు పెట్టించుకున్నవాళ్ళు, చట్టం ముందు పీట వేసినవాళ్ళు తమ వాటా పట్టుకెళ్ళాక, తక్కిన అప్పులవాళ్ళంతా ఒకే బంతిలో కూర్చుని మిగిలింది సమానంగా తినాలి. కానీ దివాలా తీసింది ఫుట్‌బాల్ క్లబ్ అయితే లెక్క మారిపోతుంది. ఆటలో బంతి ఒకటే, అప్పుల భోజనాల్లో మాత్రం రెండు బంతులు.

పోర్ట్స్‌మౌత్ సంగతి చూడండి. దక్షిణ తీరంలో నౌకాదళం ఊరు. 1898లో పుట్టిన వాళ్ళ క్లబ్‌ని జనం ముద్దుగా పాంపీ అంటారు. 2008 మే నెలలో కార్డిఫ్‌ని 1-0తో ఓడించి ఎఫ్ఏ కప్ ఎగరేసుకుపోయింది. ఊరంతా ఊరేగింపు. ఊరేగింపులో లెక్కల పుస్తకం గురించి అడిగేవాణ్ణి ఎవరూ పక్కన నడవనివ్వరు కదా. ఫ్రాటన్ పార్క్ మైదానంలో పట్టేది ఇరవై వేల పైచిలుకు జనం. జీతాలు మాత్రం అంతకు మూడింతలు పట్టే మైదానాలున్న క్లబ్బులతో పోటీ. ముప్పై వేల జీతగాడు కూతురి పెళ్ళి కన్వెన్షన్ హాల్లో చేసినట్టన్నమాట.

ఇక యజమానులు. 2009 ఆగస్టులో అలెగ్జాండర్ గైదమాక్ చేతి నుంచి సులేమాన్ అల్ ఫహీమ్ చేతికి వచ్చింది. ఆరు వారాలు తిరక్కుండానే అందులో సింహభాగం అలీ అల్ ఫరాజ్ అనే ఆయనకి వెళ్ళింది. ఆయన మైదానంలో మ్యాచ్ చూస్తుండగా చూసిన అభిమాని ఎవరూ లేరని చెప్పుకుంటారు. 2010 ఫిబ్రవరిలో, అప్పిచ్చిన బలరామ్ చైన్‌రాయ్ చేతికి వచ్చింది. ఒక్క సీజన్‌లో నలుగురు యజమానులు! మన దగ్గర అద్దె పోర్షనుకి కూడా పదకొండు నెలల అగ్రిమెంటు రాస్తారు.

2010 ఫిబ్రవరి 26న పాంపీ ‘అడ్మినిస్ట్రేషన్’లోకి వెళ్ళింది. అంటే ఐపీకి దొరల భాషలో మర్యాదైన పేరు. ప్రీమియర్ లీగ్‌లో ఉండగా ఆ గడప తొక్కిన మొదటి క్లబ్ అదే. శిక్షగా తొమ్మిది పాయింట్లు కోసేశారు. అప్పులు దాదాపు 12 కోట్ల పౌండ్లని తేలింది. అయినా మే 15న అదే జట్టు వెంబ్లీలో మళ్ళీ ఎఫ్ఏ కప్ ఫైనల్ ఆడింది. చెల్సీ చేతిలో 1-0తో ఓడిందనుకోండి. గెలిచి ఉంటే కప్పుని ఏ అప్పులవాడి జాబితాలో కలిపేవారో!

ఆ జాబితాలో సెయింట్ జాన్ ఆంబులెన్స్ అనే సంస్థ పేరు కూడా ఉంది. మ్యాచ్ జరిగినంతసేపూ గీత పక్కన స్ట్రెచర్ పట్టుకుని నిలబడే సేవాసంస్థ వాలంటీర్లు వీళ్ళు. జనంలో ఎవరి గుండె జారినా పరుగెత్తేది వీళ్ళే. వాళ్ళకి రావాల్సింది సుమారు 2,700 పౌండ్లు. అదే జాబితాలో ఆటగాళ్ళ జీతాలు, ఆటగాళ్ళని అమ్మిన క్లబ్బులకి పడ్డ బాకీలు. ఇప్పుడు వడ్డన మొదలైంది. ఫుట్‌బాల్ లోపలివాళ్ళకి పౌండుకి పౌండు. బయటివాళ్ళకి పౌండుకి ఇరవై పెన్నీలు ఇస్తామన్నారు, అదీ అయిదేళ్ళలో. మొదటి బంతికి బూరెలు, రెండో బంతికి మజ్జిగన్నం. వడ్డించేవాడు మనవాడైతే ఏ బంతిలో కూర్చున్నా ఒకటే అని మన సామెత. ఇక్కడ వడ్డించేది లీగ్. మనవాళ్ళెవరో, పరాయివాళ్ళెవరో రాసిపెట్టుకుంది కూడా.

దీన్ని ‘ఫుట్‌బాల్ క్రెడిటర్స్ రూల్’ అంటారు. లోపలివాళ్ళ బాకీ పూర్తిగా తీరిస్తేనే క్లబ్‌కి లీగ్‌లో చోటు. సభ్యత్వం లేని క్లబ్‌ని కొనేదెవరు? అందుకని కొత్త యజమాని ముందు ఆటగాళ్ళకీ తోటి క్లబ్బులకీ చెల్లిస్తాడు, తర్వాత జేబు తడుముకుంటాడు. లీగ్ వాదనలో న్యాయం లేకపోలేదు. ఒక క్లబ్ ఇంకో క్లబ్‌కి డబ్బు ఎగ్గొడితే ఆ రెండోదీ మునుగుతుంది, పేక మేడలా ఒకదాని మీద ఒకటి కూలతాయి అంటారు. బాగుంది. మరి జెర్సీలు ఉతికే లాండ్రీవాడూ, గేటు దగ్గర పైలు అమ్మేవాడూ మునిగితే కూలేది మేడ కాదు, గుడిసె. దాని చప్పుడు లీగ్ ఆఫీసు దాకా వినపడదు.

పన్నుల శాఖవాళ్ళకి మాత్రం వినపడింది, ఎందుకంటే 2003 నుంచి వాళ్ళనీ లేపి రెండో బంతిలో కూర్చోబెట్టారు. అంతకుముందు రాజుగారి ఖజానాది మొదటి బంతే. పాంపీ మీద వాళ్ళకి ఇంకో కోపం కూడా ఉంది. ఆటగాడికి ఇచ్చే డబ్బుని కొంత జీతం పేరుతో, కొంత ‘ఇమేజ్ హక్కుల’ పేరుతో విడదీశారని వాళ్ళ ఆరోపణ. అంటే కాళ్ళకి ఇచ్చేది జీతం, ముఖానికి ఇచ్చేది వేరే పద్దు. ముఖం పద్దు కూడా జీతమే, దానికీ పన్ను కట్టాలన్నారు. 2010 ఆగస్టులో ఆ కేసు ఓడిపోయారు. తర్వాత ఏకంగా లీగ్ నిబంధన మీదే హైకోర్టుకెక్కారు. 2012 మేలో అదీ ఓడిపోయారు. తీర్పిచ్చిన జడ్జి డేవిడ్ రిచర్డ్స్ మాత్రం, లీగ్ పద్ధతిని నేను మెచ్చుకున్నట్టు అనుకోవద్దని లీగ్ చెవిన వేశారు. ఓడినవాళ్ళు 2020 డిసెంబరులో చట్టం మార్పించుకుని కాస్త ముందుకు జరిగి కూర్చున్నారు. చట్టం రాసేవాళ్ళు చుట్టాలైతే అదో సుఖం. ఆంబులెన్సు వాలంటీర్లకి ఆ చుట్టరికం కూడా లేదు.

ముఖాల సంగతి వచ్చింది కాబట్టి గ్లాస్గో కూడా వెళ్ళొద్దాం. రేంజర్స్ క్లబ్‌ని 2011 మేలో క్రెయిగ్ వైట్ కొన్న ధర ఒక్క పౌండు. బ్యాంకు బాకీ తీర్చిన డబ్బు రాబోయే సీజన్ల టికెట్లని ముందే అమ్మగా వచ్చింది. ఇంకా పుట్టని దూడకి వచ్చే పాలని ముందే అమ్మి ఆ డబ్బుతో గేదెని కొనడమంటే ఇదే. ఇందులో మోసం లేదని 2017లో జ్యూరీ తేల్చింది. కాబట్టి మనం దీన్ని ప్రతిభ అనాలి. 2012 ఫిబ్రవరి 14న, సరిగ్గా ప్రేమికుల రోజున, క్లబ్ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్ళింది. జూన్‌లో పన్నుల శాఖ రాజీకి ఒప్పుకోకపోవడంతో పాత కంపెనీ లిక్విడేషన్‌కి పోయింది. ఆ అప్పులవాళ్ళ జాబితాలో కోట్ల పద్దుల మధ్య ఒక చిన్న పద్దు కనపడింది. పిల్లల ముఖాలకి రంగులు వేసే మనిషికి 40 పౌండ్ల బాకీ.

నలభై పౌండ్లంటే నాకు మళ్ళీ పోర్ట్స్‌మౌతే గుర్తొస్తుంది. 1812లో చార్లెస్ డికెన్స్ పుట్టింది ఆ ఊళ్ళోనే. తండ్రి జాన్ డికెన్స్ నౌకాదళం జీతాల ఆఫీసులో గుమాస్తా. 1824లో, లండన్‌లో ఉండగా, రొట్టెలవాడికి 40 పౌండ్ల చిల్లర బాకీ పడి మార్షల్సీ జైలుకెళ్ళాడు. పన్నెండేళ్ళ కొడుకు బూటు పాలిష్ ఫ్యాక్టరీలో డబ్బాలకి లేబుళ్ళు అంటించాడు. నలభై పౌండ్లు బాకీపడ్డ గుమాస్తా జైలుకెళ్ళాడు. పన్నెండు కోట్లు బాకీపడ్డ క్లబ్ వెంబ్లీకెళ్ళింది. ఆ గుమాస్తా చేసిన తప్పల్లా రొట్టెలు కొనడమే. ఒక సెంటర్ ఫార్వర్డ్‌ని కొని ఉంటే మధ్యలో ఎవరో ఒకరు రక్షించేవారు.

ఇప్పుడు దొరలు కాస్త మారారు. కింది డివిజన్లు నడిపే ఇంగ్లీషు లీగ్ ఇప్పుడు పాస్ మార్కు పెట్టింది. దివాలాలోంచి బయటపడాలంటే బయటి అప్పులవాళ్ళకి పౌండుకి కనీసం 25 పెన్నీలు అప్పటికప్పుడు ఇవ్వాలి, లేదా మూడేళ్ళలో 35 ఇవ్వాలి. లేకపోతే పదిహేను పాయింట్లు పోతాయి. ముప్పై అయిదు! మన టెన్త్ పరీక్షలో గట్టెక్కే మార్కులు కూడా అవే. అప్పు తీర్చడమూ అత్తెసరు పరీక్షే అయిపోయిందని తెలిస్తే మా చీటీలాయన ఎంత సంతోషించేవాడో. కాపీ కొట్టకుండానే పాసయ్యే అవకాశం!

దూరపు ఊళ్ళ కథలెందుకు అంటారా? 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి మన హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి ఆ రాత్రి మూడు పెనాల్టీలు ఆపాడు. రెండేళ్ళు తిరిగేసరికి జీతాలందక ఆటగాళ్ళు ఒక్కొక్కరే ఒప్పందాలు తెంచుకుని వెళ్ళిపోయారు. బాకీల గొడవలో కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా ఫిఫా నిషేధమూ పెట్టింది. 2025లో జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. అప్పులవాడు ఊరు మారడం మనకి కొత్త కాదు. ఊరు పేరే మార్చుకుని మారడం కొత్త.

ఈ రెండు బంతుల్లోనూ చోటు లేనివాడు ఒకడున్నాడు. ఏ జాబితాలోనూ వాడి పేరు ఉండదు, ఎందుకంటే వాడికి క్లబ్ బాకీ ఏమీ లేదు. సీజన్ టికెట్టుకి ముందే డబ్బు కట్టేశాడు. వాడు అభిమాని. పాంపీ 2012లో మళ్ళీ దివాలా తీసింది, మెట్టుమెట్టూ దిగి నాలుగో డివిజన్‌కి పడింది. అప్పుడు 2013 ఏప్రిల్‌లో ఆ ఊరి జనం మనిషికి వెయ్యి పౌండ్ల చొప్పున వాటాలు కొని క్లబ్‌ని తమ చేతిలోకి తీసుకున్నారు. పాత బాకీలన్నీ తీరిపోయాయని 2014లో ప్రకటించారు. అలా వాళ్ళు తీర్చిన వాటిలో, పాత వైభవం రోజుల్లో ఆడి వెళ్ళిపోయిన ఆటగాళ్ళకి ఇవ్వాల్సిన డబ్బు కూడా ఉంది.