గొర్లమ్మిన పైసలు

మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లకు, ఇంటికి కృష్ణా నీళ్లొచ్చినా ఒళ్లు నొప్పులు పోలేదు. ఒకసారి బిగిసిన కీళ్లు మళ్లీ వదులు కావు. ఆ పల్లెల్లో ఒక కురుమ పెద్దాయనకు జ్వరం, విడవని దగ్గు పట్టుకున్నాయి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తికి గుల్ల పడి కనిపించింది. తెమడ పరీక్షలో టీబీ క్రిముల్లాంటివే అక్కడక్కడా కనిపించాయి. టీబీ మందులు మొదలుపెట్టారు. అది తప్పేం కాదు, మన దగ్గర ముందు రావలసిన అనుమానం అదే. కొంత తగ్గింది, తర్వాత తిరగబెట్టింది.

నల్లగొండలో మరో డాక్టరు తెమడను కల్చర్‌కు పంపాడు. జిగటగా, లేత గులాబి రంగులో పెరిగింది రోడోకాకస్ ఈక్వై. 1923లో స్వీడన్‌లో, జబ్బుపడ్డ గుర్రప్పిల్లల్లో బయటపడ్డ బాక్టీరియా ఇది. గడ్డి మేసే జీవాల పెంటలో, ఆ మట్టిలో పెరిగి, దుమ్ముతో పాటు ఊపిరిలోకి పోతుంది. టీబీకిచ్చే రిఫాంపిసిన్ దీన్నీ కొంత అణుస్తుంది, అందుకే తగ్గినట్టే తగ్గింది. ఒంట్లో శక్తి ఉన్నవాళ్ల జోలికి ఇది రావడం బహు అరుదు. 1967లో అమెరికాలో తొలిసారి ఇది సోకిన మనిషి పశువుల దొడ్లు శుభ్రం చేసేవాడు. కాలేయ జబ్బుకు స్టెరాయిడ్లు వాడుతుండేవాడు.

"మీ నాయినకు షుగర్ లేదు, హెచ్‌ఐవీ లేదు. ఇంకేమన్న మందులు వాడుతున్నడా?"

"ఏం లెవ్వు సారూ" అన్నాడు కొడుకు.

డాక్టరు మందులు మార్చి, దొడ్డి దుమ్ముకు దూరముంచమన్నాడు. కొడుకు గొర్రెల మందనే సంతకు తోలాడు. ఈతలో ప్రతి పిల్లనూ తన చేతుల్లోకి తీసుకున్న ముసలాయన, ఆ పొద్దు ముద్ద ముట్టలేదట.

మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు డాక్టరు ఆయన ముఖాన్ని పరీక్షగా చూశాడు. గుండ్రంగా ఉబ్బింది. ముంజేతుల మీద చర్మం ఉల్లిపొరలా పల్చబడి, నీలం మచ్చలు. అంగీ జేబులో కాగితం పొట్లం, అందులో చిన్న తెల్ల గోలీలు.

"ఇవేంది?"

"నొప్పుల గోలీలు సారూ. మా ఊరి ఆర్‌ఎంపీ ఇస్తడు. ఏండ్ల సంది ఏసుకుంటుండు, ఇవి లేకుంటే మంచంల కెల్లి లెవ్వడు."

స్టెరాయిడ్. డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"మీ నాయిన బలం తీసింది గొర్లు కాదు బిడ్డా, ఇవి. అట్లని ఒక్కపారే ఆపితే పాణం మీదికొస్తది. నేను చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గియ్యాలె. ఇంట్ల ఇంకెన్ని ఉన్నయ్?"

"మస్తున్నయ్ సారూ. గొర్లమ్మిన పైసలతోటి ఏడాదికి సరిపోను తెచ్చిపెట్టిన."