చెరువు మట్టి ముచ్చట

మా రోజుల్లో ఎండాకాలం చెరువు ఎండితే ఊరికి పండుగే. లాలాపేట్ నుంచి నాచారం, ఉప్పల్ దాకా ఇప్పుడు ఇళ్లూ గోడౌన్లే గానీ, అప్పుడు ఎర్ర చల్కలు, చెరువు కింద తరి పొలాలు. శిఖంలో, అంటే చెరువు గర్భంలో, నీళ్లు తగ్గగానే ఎడ్లబండ్లు దిగేవి. నల్లటి ఒండ్రు తవ్వి చల్కల్లో పోసేవాళ్లం, దానిమీద పశువుల పెంట. చెరువు లోతయ్యేది, చేను చల్లబడేది. దానికెవరూ పథకమని పేరు పెట్టలేదు, శిలాఫలకం వేయలేదు.

తర్వాత బస్తాలొచ్చాయి. యూరియా చల్లితే వారం తిరక్కుండా పైరు నల్లగా నిగనిగలాడుతుంటే ఇంక బండి కట్టే ఓపిక ఎవరికి?

ఆ నిగనిగ వెనక నేల పులుస్తోందని ఎవరూ చూడలేదు. మట్టిలోని సూక్ష్మజీవులు యూరియాను నైట్రేటుగా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. పైరు తినగా మిగిలిన నైట్రేటు వాననీటితో దిగిపోతూ కాల్షియాన్నీ వెంట తీసుకుపోతుంది. పీహెచ్ 5.5 కిందికి జారితే అల్యూమినియం కరిగి వేళ్ల కొసలను మాడుస్తుంది. వేరు చచ్చిన పైరు ఎరువేం తింటుంది? భాస్వరం సంగతి మరీ అన్యాయం. పులిసిన ఎర్రమట్టిలో ఇనుమూ అల్యూమినియమూ దాన్ని పట్టి వదలవు. పైరు ఎదగట్లేదని రైతు ఇంకో డీఏపీ బస్తా గుమ్మరిస్తాడు. పలచటి పైరు కింద నేల బోసిగా ఉంటుంది కదా, పెద్ద వానకు ఆ మట్టి భాస్వరంతో సహా వాగులో పడి చెరువుకు చేరుతుంది. అడుగున గాలాడని బురదలో ఇనుము పట్టు సడలి భాస్వరం నీళ్లలో కలుస్తుంది. ఇక నాచే నాచు, గుర్రపుడెక్కే గుర్రపుడెక్క. చేపకు ఊపిరాడదు.

మన చల్కలు మరీ పులిసినవి కావు, అబద్ధమెందుకు. కానీ ఆ దారి ఎటు పోతుందో చూడండి, రాంచీలో 1970ల నుంచి ఉత్త నత్రజని ఎరువే వేస్తూ వచ్చిన ప్రయోగ మడుల్లో నేల పులిసి పంట చితికిపోయింది. సున్నం కలిపిన మడులు నిలదొక్కుకున్నాయి. కేరళ కుట్టనాడులో నేల సహజంగానే పులుపు. అక్కడ సున్నం వేసి, పులిసిన నీళ్లు కడిగి వదిలితేగానీ వరి పండదు. ఆ కడుగు నీళ్లు చివరికి చేరేది వేంబనాడు సరస్సుకే.

ఇక మన నాచారం చెరువు సంగతి ఎత్తితే మా మనుమడు "ఫ్యాక్టరీలు తాతా, మోరీలు" అంటాడు. వాటి పాపమే ఎక్కువ, కాదనను. ఉప్పల్ అవతల మూసీ ఒడ్డున అలాంటి మురికినీళ్లతోనే గడ్డి పెంచి గేదెలకు వేస్తున్నారు. పొద్దున మనం తాగే చాయ్‌లో పాలు ఎక్కడివో నేనడగను.

2015లో సర్కారువాళ్లు మిషన్ కాకతీయ అని 46 వేల పైచిలుకు చెరువుల పూడిక తీస్తామన్నారు. రైతులు ఆ మట్టిని ట్రాక్టర్లలో పొలాలకు తోలుకున్నారు. మేం ఎడ్లబండ్ల మీద చేసిందే, ఈసారి ఫోటోలతో. సరే, మంచిదే. అదే ఏడు భూసార కార్డులూ మొదలయ్యాయి. పీహెచ్ ఎంతో అందులో రాసే ఉంటుంది. కార్డు బీరువాలో ఉంటుంది, రైతు చెప్పులు యూరియా క్యూలో ఉంటాయి.

లాలాపేట్‌కు ఆ క్యూ బాధ లేదు. చల్కల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి, శిఖాల్లోకి కాలనీలు దిగాయి. ఇక్కడి చెరువులో బురద తీసినా ఏ పొలానికీ తోలలేం, అందులో ఏమేం కలిశాయో ఎవరు పరీక్ష చేయిస్తారు? తోలడానికి పొలం మాత్రం ఎక్కడుంది లెండి.