సున్నా

చిల్లకూరు రోడ్డులో అత్త పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. దూరపు చుట్టరికం. నేను గూడూరులో చిన్న వ్యాపారులకు జీఎస్టీ లెక్కలు రాసి పెడుతుంటాను కాబట్టి, ఏ కాగితం వచ్చినా తెచ్చి నా బల్ల మీద పడేస్తుంది.

ఆమె బాధ నిమ్మకాయతో. ఎండాకాలంలో కాయ ముట్టుకుంటే కాలుతుంది. 2022 ఏప్రిల్లో ఢిల్లీలో కిలో 300 పలికితే ఇక్కడ మార్కెట్లో మేము కాయలను దండం పెట్టి చూశాం. చవగ్గా దొరికేది వానల్లో. అప్పుడేమో ఎండ ఉండదు. ఉప్పూ పసుపూ పట్టించి మూడు రోజులు జాడీలో ఊరిన ముక్కల్ని పిండి, మిద్దె మీద నులకమంచానికి పాత పంచె పరిచి ఆరబోస్తుంది. రెండు రోజులు ముసురు పట్టిందా, అంతా బూజే.

అందుకని సోలార్ డ్రయ్యర్ మీద మనసు పడింది. చిన్న పరిశ్రమలు పర్యావరణానికి మేలుచేసే యంత్రాలు కొంటే వడ్డీలో 2 శాతం కేంద్రమే భరించే పథకం 2023లో వచ్చింది. అది కాదు గానీ, అలాంటిదే ఇంకేదో సాయమట, ఎవరో ఫారం ఇచ్చారు.

"నెలకి కరెంటు ఎన్ని యూనిట్లు కాలుస్తావత్తా, ముక్కలు ఆరబెట్టడానికి?"

"ఎండకు కరెంటెందుకు?"

"డీజిలు? కట్టెలు?"

ఆమె రెండు బంగారు గాజుల్నీ మోచేతి వైపు ఎగదోసి, పసుపు మరకల వేళ్ళతో ఫారాన్ని తన వైపు తిప్పుకుంది. "ఎండకు బిల్లు ఎవురిస్తారబ్బయా?"

అన్ని గడుల్లోనూ సున్నా వేశాను. 2070 నాటికి దేశం చేరుతుందని ప్రధాని 2021లో గ్లాస్గోలో మాటిచ్చిన సున్నా దగ్గర ఈమె మొదట్నించీ మంచం వేసుకుని కూర్చుందని అప్పుడు తట్టింది. ఇంత మంచి దరఖాస్తు నా చేత్తో ఎన్నడూ రాయలేదనుకున్నాను.

ఆగస్టులో జవాబు వచ్చింది. ప్రస్తుత వినియోగమే లేదు, తగ్గించడానికి ఏమీ లేదు, కనుక అర్హత లేదు.

"అంటే ఏందబ్బయా?"

నాకు నవ్వొచ్చింది. "తాగుడు మానినోడికి సన్మానం చేస్తారు గానీ, అసలు తాగనోడికి ఎవరు చేస్తారత్తా? నువ్వు ముందు ఒక ఏడాది పొగబెట్టి ఉండాల్సింది."

ఆమె నవ్వలేదు. కాగితం మడిచి రొండిన దోపుకుని వెళ్ళిపోయింది.

మళ్ళీ అటు వెళ్ళింది మే నెలలో, పచ్చడి కోసం. తారు చెప్పుకు అంటుకునే ఎండ. వీధి మొదట్లోనే గడగడమని మోత. మెట్లెక్కితే నిమ్మవాసన మీద డీజిలు కంపు. మిద్దె మీద, తాటాకు పందిరి కింద, బీరువా అంత డ్రయ్యర్ ఒకటి. పక్కన జనరేటర్ నల్లగా పొగ కక్కుతోంది. కోట వైపు రొయ్యల గుంటలవాళ్ళు తీసేసిన పాతదట. నులకమంచాలు గోడకు ఆనించి ఉన్నాయి. వాటి మీద ఎండ ఊరికే పడుతోంది.

"ఏందత్తా ఇది?"

"నువ్వు జెప్పిందే గదా!" అంది, మోత మీదుగా అరుస్తూ. లోపలికెళ్ళి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. మూత తీసే చేతులకు రబ్బరు గాజులున్నాయి. డబ్బానిండా డీజిలు బిల్లులు, నెలవారీగా దారం కట్టి.

"సెప్టెంబర్నించీ ఒక్కటి కూడా పారెయ్యలేదు. ఇంకా నాలుగు నెల్లు. ఎండలు బాగుండాయి గదా, ఈ రెండు నెల్లన్నా ఆపుదామా అనుకున్నా. మధ్యలో ఆపితే లెక్క తగ్గిపోతాదేమో గదబ్బయా?"