నవ్వు స్లయిడరు, విరిగిన ఒత్తులు

ఇంచుమించు ఏటా అక్టోబరులో, మన దసరా పందిళ్లు విప్పే వేళకి, అమెరికాలో అడోబీ కంపెనీవారి మాక్స్ ఉత్సవం మొదలవుతుంది. వేదిక మీద ఒకరు ఫొటోషాప్ తెరిచి మౌసు నొక్కుతారు. కరెంటు తీగలు మాయమవుతాయి, మబ్బు పట్టిన ఆకాశం ఎర్రబడుతుంది, సభ ఈలలు వేస్తుంది. ఆ ఈలల సద్దు మణగకముందే యూట్యూబులో విశ్లేషకులు లేస్తారు. కొత్త వెర్షన్‌లో ఏమేం వచ్చాయో వరసపెట్టి చూపించి, మార్కులు వేసి, ఇక ఎడిటింగ్ అంతా మారిపోయిందని తీర్పు చెబుతారు. పోయినేడూ మారిపోయింది. అంతకు ముందేడూ మారిపోయింది. ఇన్నిసార్లు మారిపోయాక కూడా పెళ్లి ఆల్బమ్ చేసే కుర్రాడు ముహూర్తాల సీజన్లో అర్ధరాత్రి దాకా కంప్యూటర్ ముందే ఎందుకు కూర్చుంటున్నాడో మాత్రం ఎవరూ అడగరు. అడగకపోవడానికి కారణముంది. ఈ బేరీజులో ఉండే అంశాలన్నీ కంపెనీ ఇచ్చిన జాబితాలోంచి తీసుకున్నవే. ఏం వచ్చిందన్నది అందులో ఉంటుంది. ఏం పోయింది, రావలసిందేది రాలేదు, దీనికి నెలనెలా కట్టేదెంత అన్నవి ఉండవు. అమ్మేవాడే ప్రశ్నాపత్రం రాసిస్తే ఆ పరీక్షలో సరుకు తప్పడం ఎప్పుడైనా చూశామా?

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు తయారుచేసిన ఈ సాఫ్ట్‌వేర్‌ను అడోబీ 1990 ఫిబ్రవరిలో మాకింటాష్ కోసం విడుదల చేసింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ప్రతి కొత్త వెర్షనూ ఒక గండం దాటాల్సి వచ్చేది: పాతది ఉన్నవాడు ఇది ఎందుకు కొనాలి? 1994లో 3.0 లేయర్లు చూపించి దాటింది. 1998లో 5.0 హిస్టరీ చూపించి దాటింది. 2002లో 7.0 హీలింగ్ బ్రష్‌తో వచ్చింది. మొటిమలూ మచ్చలూ చెరిపే ఆ ఒక్క బ్రష్‌ను చూసి మన ఊళ్ల స్టూడియోల వాళ్లు సెవెన్ పాయింట్ జీరోను ఏళ్ల తరబడి వదల్లేదు. తేలిపోయిన వెర్షన్లూ లేకపోలేదు. నచ్చనివాళ్లు వాటిని కొనలేదు, అంతే. కొనకపోవడమే ఆ రోజుల్లో అసలైన సమీక్ష. అలా అమ్మిన వాటిలో 2012 నాటి సీఎస్6 ఆఖరిది. 2013 మే నెలలో కంపెనీ ఇకమీదట అమ్మకం లేదు, చందాయే అని ప్రకటించింది. ఇల్లు అమ్ముకునేవాడికి ఇల్లు గట్టిగా ఉండాలి. అద్దెకిచ్చేవాడికి, అదీ వాడకట్టంతా తన కొంపలే అయినవాడికి, అద్దె పెంచేముందు వీధి గుమ్మానికి కొత్త రంగు కనిపిస్తే చాలు. నూతిలో పూడిక మాట ఎత్తనక్కర్లేదు. అక్టోబరు జాబితాలను ఈ రంగు డబ్బాల పద్దుగా చదివితే చాలా ముడులు విడిపోతాయి.

2020 అక్టోబరు జాబితా తీసుకుందాం. అందులో న్యూరల్ ఫిల్టర్లని వచ్చాయి. వాటిలో స్మార్ట్ పోర్ట్రెయిట్ అనేదానికి స్లయిడర్లున్నాయి: నవ్వుకొకటి, ఆశ్చర్యానికొకటి, కోపానికొకటి, వయసుకొకటి, చివరికి జుట్టు ఒత్తుగా కనబడడానిక్కూడా ఒకటి. అంటే అలకపాన్పు మీద మూతి బిగించుక్కూర్చున్న పెళ్లికొడుకుని మామగారు బండి కొనివ్వకుండానే నవ్వించొచ్చు. ఆ నవ్వులో పళ్లు ఎవరివన్నది వేరే సంగతి. దాంతోపాటే ఆకాశం మార్చే సదుపాయం వచ్చింది. అర్ధరాత్రి దాటాక ముహూర్తం, నెత్తిన షామియానా ఉన్న పెళ్లిలో ఆకాశం ఎక్కడుందో వెతుక్కుని మార్చుకోవాలి. మరుసటేడు ల్యాండ్‌స్కేప్ మిక్సర్ వచ్చింది, వేసవి కొండల మీద మంచు కురిపించడానికి. లంబసింగిని ఆంధ్రా కశ్మీర్ అంటూ వచ్చిన మన టూరిజం ప్రచారకర్తలకు ఇన్నాళ్లకు సాక్ష్యం దొరికింది. ఇవి పనిచేయవని కాదు. కొన్నిసార్లు ముచ్చటగానే పనిచేస్తాయి. వీటిని కావాలని అడిగిన టచింగ్ పనివాడు ఎవరన్నదే ప్రశ్న. వీటన్నిటికీ ఉన్న ఉమ్మడి గుణం ఒకటే: పది సెకన్లలో, వెనక వరసలో కూర్చున్నవాడికి కూడా తేడా కనబడుతుంది. వేదికకు కావలసిన గుణం అది. పనికి కావలసిన గుణం సాధారణంగా దీనికి సరిగ్గా తలకిందులు. అది ఉన్నప్పుడు కనబడదు, లేనప్పుడే ప్రాణం తీస్తుంది.

ఆ రెండో రకానికి తెలుగువాడికి తెలిసిన ఉదాహరణ ఒకటుంది. ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు టైప్ చేస్తే ఏళ్ల పాటు ఒత్తులు విడిపోయి పక్కన పడేవి, గుణింతాలు అక్షరాన్ని వదిలేసి నిలబడేవి. లక్ష్మి, సత్యనారాయణ లాంటి పేర్లు శుభలేఖలో ముక్కలై కూర్చునేవి. ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి, టైప్ అనే అరలో మధ్యప్రాచ్య, దక్షిణాసియా లిపుల ఇంజన్‌ను ఎంచుకుంటే సర్దుకునే మార్గం కొన్ని వెర్షన్లలో ఉండేది. అది ఉందని తెలిసినవాళ్లు చేతివేళ్ల మీద లెక్క. మిగతావాళ్లంతా అను, శ్రీలిపి ఫాంట్లతోనే పని నడిపారు. ఇంగ్లిషు అక్షరాల గూళ్లలో తెలుగు ముక్కలు పేర్చిన ఫాంట్లవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే శుభలేఖ పిచ్చిరాతగా మారిపోతుంది. అయినా ఒత్తు మాత్రం ఒత్తు చోటే ఉంటుంది కదా! చివరికి 2021 అక్టోబరు వెర్షన్‌లో అన్ని లిపులకూ ఒకే ఇంజన్ పెట్టారు, భారతీయ లిపులు కూడా దానంతటవే సర్దుకునేలా. తమిళం, కన్నడం, మలయాళం, హిందీ రాసేవాళ్లందరినీ కలిపితే కోట్లమందికి సంబంధించిన మరమ్మతు ఇది. జాబితాలో దాని స్థానం అడుగున ఓ చిన్న వాక్యం. పైనున్న పెద్ద అక్షరాలు మంచు కురిపించే మిక్సర్‌కి. పెళ్లికొడుకు ముఖానికి నవ్వొచ్చిన ఏడాదికి గానీ అతని పేరులోని ఒత్తుకు నిలకడ రాలేదన్నమాట. నెలకు పైసా వసూలు చేయని జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, పాంగో అనే లిపి వ్యవస్థ పుణ్యాన, అంతకు ముందు నుంచే తెలుగును తెలుగులా రాస్తోంది.

రానివి అలా ఉంటే, ఉన్నవి పోయిన కథ ఇంకోటి. బొమ్మ సాగిపోకుండా పెంచాలంటే షిఫ్ట్ నొక్కి లాగాలన్నది తరాలుగా వేళ్లకు పట్టిన అలవాటు. 2018 అక్టోబరులో దాన్ని తిరగేశారు. షిఫ్ట్ నొక్కకపోతే బొమ్మ సరిగా పెరుగుతుంది, నొక్కితే సాగిపోతుంది. పోనీ అదైనా అంతటా ఒకే తీరా అంటే, అప్పట్లో ఫొటోలకు కొత్త రూలు, గీసిన ఆకారాలకు పాత రూలు ఉండేవి. వెనకటి పద్ధతే కావాలనుకున్నవాళ్లు మొదట్లో నోట్‌ప్యాడ్ తెరిచి, ఒక ఆజ్ఞ రాసి, ఆ ఫైలును సెట్టింగుల ఫోల్డర్‌లో పెట్టుకోవాల్సి వచ్చింది. తన వేలిని తనకు తిరిగిమ్మని అర్జీ పెట్టుకోవడమన్నమాట. 2020 ఆగస్టులో ఐఫోన్‌లో అడోబీవారి మరో ఫొటో యాప్ లైట్‌రూమ్‌కు వచ్చిన 5.4 అప్‌డేట్, క్లౌడ్‌లోకి ఎక్కని ఫొటోలనూ ప్రీసెట్లనూ తుడిచిపెట్టేసింది. అవి తిరిగి రావని చెప్పి కంపెనీ క్షమాపణ కోరింది. 2022 చివర్లో ఫొటోషాప్‌లోంచి పాంటోన్ అనే కంపెనీవారి రంగుల పుస్తకాలు పోయాయి. ఆ రంగులతో దాచుకున్న పాత ఫైళ్లు తెరిస్తే ఆ చోట్ల నలుపు కనబడసాగింది. రంగు మళ్లీ కావాలంటే పాంటోన్‌కు విడిగా చందా కట్టాలి. తప్పు నీదంటే నీదని రెండు కంపెనీలు వాదించుకున్నాయి. వాదన ఎవరు నెగ్గినా ఫైలు నలుపే. ఇవేవీ మార్కుల పట్టికలో మైనస్‌గా పడవు. పట్టికలో మైనస్ గడి ఉంటే కదా.

ఇక్కడ న్యాయమైన ఆక్షేపణ ఒకటి వస్తుంది: కొత్తవాటిలో నిజంగా పనికొచ్చేవి లేవా? ఉన్నాయి, ఒప్పుకోవాలి. 2021లో లైట్‌రూమ్‌లోకి వచ్చిన మాస్కింగ్, 2023లో వచ్చిన ఏఐ డీనాయిజ్ నిక్కమైన మేళ్లు. చీకటి మండపంలో తీసిన ఫొటోల మీద ఇసుక చల్లినట్టుండే మచ్చలు ఎవరికీ సరదా కాదు. 2024లో తీగలూ కేబుళ్లూ తీసేసే సదుపాయం వచ్చింది. కోఠీ స్తంభాలకు వేలాడే చిక్కును ఏ ప్రభుత్వ శాఖా విప్పలేకపోయింది, ఇదైతే క్షణాల్లో మాయం చేస్తుంది, ఫొటోలోనైనా. చిక్కు మరోచోట ఉంది. వద్దనే వీలు వాడేవాడికి లేనప్పుడు, ఏది మేలు ఏది రంగు అన్న కబురు తయారీదారుకి చేరదు. డీనాయిజ్‌కీ నవ్వు స్లయిడరుకీ కట్టే అద్దె ఒకటే. అప్పుడు సమీక్షకుడే ఆ కబురు మోయాలి. మోస్తున్నాడా? 2023 మేలో, అడిగిన ముక్కను ఫొటోలో పుట్టించే జనరేటివ్ ఫిల్ బీటాగా వచ్చినప్పుడు, దీంతో వృత్తి తీరే మారిపోతుందని వీడియోలు హోరెత్తాయి. ఆ బీటాతో చేసిన బొమ్మలను వ్యాపారానికి వాడకూడదన్నది అప్పటి నిబంధన. అది పుట్టించే ముక్క కొలత 1024 పిక్సెళ్లు. మన కరిజ్మా ఆల్బమ్‌లో 36 అంగుళాల షీటుకు, అంగుళానికి 300 చొప్పున, 10,800 పిక్సెళ్లు కావాలి. షీటంత వెడల్పున అతికితే ఆ ముక్క పదింతలు సాగాలి. తర్వాత నాణ్యత మెరుగైన మాట నిజమే. కానీ తీర్పులు వెలువడింది మొదటి వారంలో. ఫోన్ తెర మీద చూసి చెప్పేవాడికి ఆ తేడా తెలియదు, ప్రింట్ తీసేవాడికి తెలుస్తుంది.

అద్దె చవకే కదా అనేవాళ్లూ ఉన్నారు. సీఎస్6 ధర 699 డాలర్లు. లైట్‌రూమ్ కూడా కలిపిన ఫొటోగ్రఫీ పథకం 2013లో నెలకు 9.99. ఒక్కసారిగా అంత పోయలేని కొత్తవాడికి ఇది నిజంగా వరమే, కాదనేవాడు ఆ కొత్తవాడి జేబు చూడలేదు. అయితే లెక్క 70 నెలల దగ్గర సరిసమానమవుతుంది. అక్కడి నుంచి సీఎస్6 కొన్నవాడు కట్టేది సున్నా, చందాదారు కట్టేది అదే పది. 12 ఏళ్లు కట్టినవాడు పాత ధరకు రెట్టింపు దాటి, చేతిలో ఏమీ లేకుండా నిలబడ్డాడు. 2025 జనవరి నుంచి నెలవారీ కట్టేవాళ్లకు ఆ 9.99 కాస్తా 14.99 అయింది. అదే ఏడాది ఉత్తర అమెరికాలో అన్ని యాప్‌ల పథకానికి ‘ప్రో’ అని పేరు తగిలించి 59.99ని 69.99 చేశారు, ఏఐ సదుపాయాలు పెరిగాయన్న కారణం చెప్పి. అడగని రంగుకు బిల్లు అదీ. మంచు, నవ్వు, ఆకాశం జాబితాలో ఎందుకు పైన ఉంటాయో ఇప్పుడు చెప్పనక్కర్లేదు. పైగా ఏఐ వాడకానికి నెలకిన్నని క్రెడిట్ల కొలత కూడా ఉంది. మానేద్దామంటే, ఏడాది ఒప్పందాన్ని నెలనెలా కట్టేవాళ్లు మధ్యలో తప్పుకుంటే పడే రుసుమును కనబడకుండా దాచారని ఆరోపిస్తూ అమెరికా ప్రభుత్వమే 2024 జూన్‌లో కోర్టుకెక్కింది. కంపెనీ ఆ ఆరోపణను ఖండించింది.

ఇష్టం లేకపోతే అప్‌డేట్ చేయకండి, ఎవరు బలవంతపెట్టారు అన్నది ఆఖరి వాదన. 2019 మేలో పాత చందా వెర్షన్లు వాడుతున్నవాళ్లకు కంపెనీ ఈమెయిళ్లు పంపింది: వీటికి మీకిక లైసెన్సు లేదు, వాడుతూ పోతే మూడోవాళ్లు మీ మీద హక్కుల దావా వేయొచ్చు. అదే ఏడాది యాపిల్ 32 బిట్ల ప్రోగ్రాములను ఆపేయడంతో, సీఎస్6 కొనుక్కుని పదిలపరచుకున్నవాళ్లకూ కొత్త మాక్ మీద దారి మూసుకుపోయింది. జింప్‌కు వెళ్లొచ్చు కదా అంటే, 2018లో 2.10 ఇచ్చిన ఆ బృందం 2025 మార్చికి గానీ 3.0 ఇవ్వలేదు. ఫొటోషాప్‌లో 1996 నుంచే ఉన్న అడ్జస్ట్‌మెంట్ లేయర్ల లాంటి సౌకర్యం, అసలు ఫొటో చెడకుండా మార్పులు చేసుకోవడం, అందులోకి అప్పుడొచ్చింది. ఉచితానికి ఓపిక ఖరీదు. అప్‌డేట్‌ను నిక్షేపంగా వద్దనగలిగినవాడు ఇవాళ ఒక్కడే కనిపిస్తాడు: ఎవరో రాసిచ్చిన సీడీతో సెవెన్ పాయింట్ జీరోను డబ్బు కట్టకుండా నడుపుతున్న సందు చివరి స్టూడియో ఆసామి. దొంగసరుకు దొంగసరుకే, ఆయన్ను వెనకేసుకురాలేం. డబ్బు కట్టేవాడికి కూడా ఆ వీలు ఉండాలని అడగడం మాత్రం గొంతెమ్మ కోరిక కాదు. ప్రోగ్రామర్లకు పనిముట్లు అమ్మే జెట్‌బ్రెయిన్స్ కంపెనీ 2015లో చందా పద్ధతికి మారబోయినప్పుడు, వాడేవాళ్లు గోల చేశారు. ఏడాది పాటు కట్టినవాడు ఆ తర్వాత మానేసినా ఒక వెర్షన్ అతని దగ్గర శాశ్వతంగా ఉండేలా కంపెనీ నిబంధన మార్చుకుంది. అది ఇప్పటికీ చందాలే వసూలు చేస్తోంది, దివాలా తీయలేదు.