తాకట్టు బండి ధర

నేను పసుపు ప్లేటు డిజైర్ కారుని. మాది పద్మనాభం. అనంత పద్మనాభస్వామి కొండ దిగువన, కుంతీమాధవస్వామి గుడికి కాస్త ఇవతల నా స్టాండు. పెళ్లిళ్లకు విజయనగరం, ఆసుపత్రులకు విశాఖ, ఆదివారమైతే భీమిలి. దీపోత్సవం రాత్రి కొండ దిగొచ్చిన ముసలివాళ్లను ఇళ్లకు చేర్చడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని.

నా ఆర్సీలో రెండు పేర్లుంటాయి. ఓనరుగా మా బాబు పేరు, హైపోథికేషన్ (తాకట్టు) గడిలో ఫైనాన్స్ కంపెనీ పేరు. నేను తిరిగినన్నాళ్లూ ఆ రెండో పేరు ఎవరికీ గుర్తురాలేదు. తల్లి వైద్యానికి చేసిన అప్పులూ, మరొకరి చీటీకి పెట్టిన హామీ సంతకమూ కలిసి మా బాబును ముంచేశాక, వాయిదాలు ఆగాక, అందరూ ఆ పేరే చదివారు.

బాకీల బాధ ఈ నేల ఎప్పుడో చూసింది. 1794 జూలై 10న విజయనగరం రాజు చినవిజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి ప్రాణం విడిచింది ఇక్కడే. ఆ తగవుకు మూలం కంపెనీ అడిగిన పేష్కస్ (కప్పం) బకాయిలు.

మా బాబు ఐపీ పెట్టాడు. ఐపీ అంటే ఎగ్గొట్టడమేనని ఊళ్లో అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఉన్నదంతా కోర్టు చేతిలో పెట్టి, అప్పులవాళ్లకు వాటాల ప్రకారం పంచమని అడగడం అది. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే మా వైపు సామాన్యుడికి ఇప్పటికీ దిక్కు. 2016 దివాలా చట్టం బతుకుతెరువు బండిని పంపకంలో కలపొద్దంది, కానీ దాని మీద తాకట్టు ఉండకూడదంది. పైగా అందులో వ్యక్తులకు సంబంధించిన భాగం 2019 డిసెంబరు 1 నుంచి, కంపెనీల అప్పులకు పూచీపడ్డవాళ్ల వరకే అమల్లోకి వచ్చింది. ఎటు చూసినా నాకు రక్ష లేదు. ఐపీ పడినా తాకట్టుదారు తన బండిని పట్టుకెళ్లి అమ్ముకోవచ్చు.

"అన్నియ్యా, బండి పోతే నువ్వేటి తింతావు? ధరెంతో తేల్చమను, నాను కడతాను" అన్నాడు బాబు తమ్ముడు.

ఆ ధర దగ్గరే చిక్కంతా. కొన్నప్పుడు నా ఖరీదు 8 లక్షలు. ఇన్సూరెన్సు లెక్కలో మొదటి ఆరు నెలలకే 5 శాతం తరుగు, మూడో ఏడు 30, ఐదో ఏడు 50. నాది ఐదో ఏడు, కాబట్టి ఆ కాగితం మీద 4 లక్షలు. ఆ అంకె దొంగలెత్తుకుపోతే ఇచ్చే పరిహారానికి పనికొస్తుంది, నన్ను కొనేవాడికి కాదు. కోర్టు నియమించిన రిసీవరు పిలిపించిన మెకానిక్ నా కిందకు దూరి చూశాడు. భీమిలి ఉప్పుగాలికి అడుగున పట్టిన తుప్పు, అరిగిన టైర్లు, తిరిగిన కిలోమీటర్లు, టాక్సీ ప్లేటు వల్ల తగ్గే బేరం, అన్నీ లెక్కేసి 3 లక్షలన్నాడు. అది నా నిజమైన ధర. నా ఒంటిని చూసి చెప్పిన మాట గనక నమ్ముతాను. అమెరికాలో మన తెలుగువాళ్లు దివాలా తీసినా, సొంతానికి వాడుకునే కారుకు అక్కడి దివాలా చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత ఇలాంటి కొలతే: అంత వయసు, అలాంటి స్థితి ఉన్న కారును దుకాణంవాడు ఎంతకు అమ్ముతాడో అంత.

ఫైనాన్స్ వాళ్లకు రావలసింది 3 లక్షల 60 వేలు. వాళ్లు నా విలువను 2 లక్షల 20 వేలుగానే కట్టి, మిగతా లక్షా 40 వేలకు అందరితో పాటు వాటా అడిగారు. పాత చట్టం 47వ సెక్షన్ బలం ఇక్కడే ఉంది. తాకట్టుదారు తన హామీకి తానే విలువ రాయాలి. రాశాక, దాన్ని అమ్ముకోకముందే, అదే విలువ చెల్లించి కోర్టు విడిపించవచ్చు. ఎక్కువ రాస్తే అతని మిగులు బాకీ తగ్గుతుంది, తక్కువ రాస్తే ఆ తక్కువకే వదులుకోవాలి. నూరేళ్ల కిందట ఇది రాసినవాళ్లకు నేను మొక్కుతాను.

తమ్ముడు రిసీవరు దగ్గర 3 లక్షలు కట్టాడు. అందులో 2 లక్షల 20 వేలు ఫైనాన్స్‌కు వెళ్లాయి, 80 వేలు కిరాణా కొట్టతనితో సహా మిగతా అప్పులవాళ్ల పంపకంలోకి చేరాయి. కోర్టు అనుమతితో నేను తమ్ముడి పేరుకు మారాను. స్టీరింగు ముందు మళ్లీ మా బాబే.

బండి మీద అప్పుండి ఐపీ దాకా వచ్చినవాళ్లకు నా మనవి. బండి ఫైనాన్స్ వాళ్ల యార్డుకు చేరకముందే, ఇంటి ముందుండగానే విలువ కట్టించండి. సర్వీసు బిల్లులు, ఫిట్‌నెస్ కాగితం, అదే మోడలు బండ్లు మీ చుట్టుపక్కల అమ్ముడుపోయిన ధరలు రిసీవరుకు చూపించండి. సొమ్ము ముట్టాక ఫారం 35 తీసుకుని, ఆర్సీలో ఫైనాన్స్ పేరు తప్పకుండా కొట్టేయించండి.